అభిప్రాయం మీది, సెమిస్టర్లు మీ అబ్బాయివి

పేరు వద్దన్న ఒక పాఠకురాలి నుంచి ఆరు పేజీల ఉత్తరం వచ్చింది. కుదించి చెబుతాను.

ఆవిడ డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతారు. పదిహేడేళ్ళ సర్వీసు. చేరిన కొత్తలో లేని అభిప్రాయాలు ఏడాదికొకటి చొప్పున గట్టిపడుతూ వచ్చాయంటారు. క్లాసులో కూర్చున్న వాళ్ళలో సగం మందికి ఆ క్లాసుతో పని లేదు. పరీక్ష అయిన నెల తర్వాత బుర్రలో మిగిలేది సున్నా. కాలేజీ ఇచ్చేది ముద్ర. పిల్లలు దానికోసమే వస్తారు, ఉద్యోగాలిచ్చే వాళ్ళు దాన్నే చూస్తారు, మధ్యలో మేం అటెండెన్స్ వేస్తుంటాం. లెక్చర్ అచ్చుయంత్రం రాకముందు పుట్టిన పద్ధతి, పుస్తకం అందరి చేతికీ వచ్చాక కూడా ఎవరూ మానలేదు. పీజీలో చేరే వాళ్ళలో చాలామంది ఉద్యోగం వెతుక్కోవడాన్ని రెండేళ్ళు వాయిదా వెయ్యడానికే చేరతారు.

ఇందులో సగం ఒకసారి స్టాఫ్ మీటింగులో అనేశారట. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకండి మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అప్పట్నుంచి ఆవిడ స్టాఫ్ రూమ్‌లోకి వస్తే మాట మారిపోతుంది. దాంతో అక్కడ నోరు కట్టేసుకుని, రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పుకోవడం మొదలుపెట్టారు. వింటూ పెరిగాడు కొడుకు.

ఆ కొడుక్కి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళ కంప్యూటర్స్ కోర్సులో మూడు సెమిస్టర్లయ్యాయి. రెండు బ్యాక్‌లాగులున్నాయి, ఒకటి ఫిజిక్సే. ఎనిమిది నెలలుగా శని, ఆదివారాలు ఒక సౌండ్ రికార్డింగ్ స్టూడియోకి వెళ్తున్నాడు. ఇక రోజూ వచ్చెయ్యమని స్టూడియో యజమాని అన్నాడట. పోయిన నెల అబ్బాయి కాలేజీ మానేస్తానన్నాడు. తండ్రి కేకలేశాడు. అబ్బాయి తండ్రికి జవాబు చెప్పలేదు. తల్లి వైపు తిరిగి, "నువ్వేగా అమ్మా అన్నావు, అదంతా ఉత్త ముద్రేనని" అన్నాడు.

తండ్రి తన కుటుంబంలో మొదటి గ్రాడ్యుయేట్. "నీ నోటి వల్లే ఇదంతా" అని ఆ రోజు నుంచీ భార్యతో ముక్తసరిగా ఉంటున్నారు. మూడు సెమిస్టర్లకి కట్టిన ఫీజు లెక్క మాత్రం రోజూ చెబుతున్నారు.

ఆవిడ ప్రశ్నలివి. నా అభిప్రాయాలు తప్పా? తప్పు కాకపోతే వాణ్ణి ఆపే హక్కు నాకెక్కడిది? ఆపితే రెండు నాలుకల మనిషిని కానా? ఆపకపోతే వాడి జీవితాన్ని పణంగా పెట్టి నా వాదం నెగ్గించుకున్నట్టు కాదా? ఆఖర్న, వేరే రంగు పెన్నుతో: నమ్మకం లేని పనికి జీతం తీసుకుంటున్నాను, ఉద్యోగం మానెయ్యమంటారా?

లెక్చరర్ గారూ,

మీ ఉత్తరం రెండోసారి చదువుతూ ఓ చిన్న లెక్క వేశాను. చదువుల గురించి నాలుగు పేజీలు. మీ వారి గురించి, స్టాఫ్ రూమ్ గురించి ఒకటిన్నర. మీ అబ్బాయి గురించి పట్టుమని పది లైన్లు, అందులో స్టూడియో గురించి రెండు. అతను అక్కడ ఏం చేస్తాడు? మైకులు పెడతాడా, కేబుళ్ళు చుడతాడా, మిక్సింగ్‌లో చెయ్యి పెట్టనిస్తారా? మీరు రాయలేదు. తెలియకే రాయలేదేమోనని నా అనుమానం. అక్కడికి మళ్ళీ వస్తాను. ముందు మీ అభిప్రాయాల సంగతి తేలాలి, అవి తేలకుండా మీరు ఇంకేం చెప్పినా వినేట్టు లేరు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈ విషయంలో మీరు అనుకున్నంత ఉలిపికట్టె ఏం కారు. మీరు ముద్ర అన్నదాన్ని ఆర్థికశాస్త్రంలో సంకేతం అంటారు. 1973లో మైకేల్ స్పెన్స్ ఆ వాదాన్ని లెక్కకట్టి చూపించాడు. పనిలోకి తీసుకునే వాడికి ఎదుటివాడి సామర్థ్యం కనపడదు. డిగ్రీ కనపడుతుంది. సత్తా ఉన్నవాడికి డిగ్రీ తెచ్చుకోవడం కాస్త సులువు, లేనివాడికి కష్టం. అందుకని ఆ చదువులో పనికొచ్చేది ఏమీ నేర్పకపోయినా సరే, డిగ్రీకి విలువ ఉంటుంది. స్పెన్స్‌కి 2001లో నోబెల్ వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. మీ ప్రిన్సిపాల్ గారికి చెప్పండి, వాసాలు లెక్కపెట్టిన వాళ్ళకి బహుమతులు కూడా ఇస్తారని.

అవతలి పక్షం వాదానికీ నోబెల్ ఉంది. గేరీ బెకర్ 1964లో గట్టిగా నిలబెట్టిన వాదం అది, బహుమతి 1992లో. చదువంటే మనిషిలో పెట్టిన పెట్టుబడి, ప్రతి ఏడాదీ కొంత నైపుణ్యం కలుస్తుంది, దానికే జీతం పెరుగుతుంది అని. మీ వారి మాటలు చూస్తే ఆయన ఈ పక్షం. మీరు స్పెన్స్ పక్షం.

ఇక్కడే మీ ఇంట్లో జరుగుతున్న తమాషా ఒకటుంది. ఇద్దరూ గమనించినట్టు లేరు.

మీ వారి వాదమే నిజమనుకుందాం. ఎనిమిది సెమిస్టర్లలో మూడు అయ్యాయి, అంటే ఎనిమిదింట మూడు వంతుల చదువు మీ అబ్బాయి బుర్రలోకి చేరిపోయింది. మానేసినా అది ఎక్కడికీ పోదు. ఆ లెక్కన ఆయన కంగారుపడాల్సిన పని లేదు. ఇప్పుడు మీ వాదం నిజమనుకుందాం. కాలేజీ అంటే చివర పడే ముద్రే అయితే, మూడు సెమిస్టర్లకి చేతికొచ్చేది సున్నా. ఏడు సెమిస్టర్లు చదివి మానినా సున్నాయే. కాబట్టి మధ్యలో మానడమంత నష్టం ఇంకోటి లేదు. చేరకుండా ఉండాలి, లేదా పూర్తి చెయ్యాలి. మీ సిద్ధాంతాన్ని చివరిదాకా నమ్మితే కొడుకుని ఆపాల్సింది మీరు, పోనివ్వాల్సింది మీ వారు. ఇద్దరూ ఒకరి పక్షంలో ఒకరు కూర్చుని పోట్లాడుకుంటున్నారు.

దీనికి లెక్కల ఆధారం కూడా ఉంది. పూర్వం పట్టాలు గొర్రెతోలు మీద రాసేవాళ్ళు, అందుకే దీన్ని గొర్రెతోలు ప్రభావం అంటారు. అమెరికాలో 1987లో హంగర్‌ఫర్డ్, సోలన్ అనే ఇద్దరు చూశారు: ఏడాది చదువుకి ఇంత చొప్పున జీతం సమానంగా పెరుగుతూ పోవడం లేదు, పట్టా చేతికొచ్చే ఏడాది దగ్గర ఒక గెంతు గెంతుతోంది. ఆఖరి ఏడాదిలో అంతకుముందు ఏళ్ళకంటే ఎక్కువ పాఠాలేం ఉండవు కదా. ఆ గెంతు మీ వాదానికి సాక్ష్యం. అయితే దానికి ఎదురు సాక్ష్యమూ ఉంది. పూర్తి చేసేవాళ్ళూ, మధ్యలో మానేవాళ్ళూ ఒకే రకం మనుషులు కాకపోవచ్చు. ఓపిక, ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, ఇవన్నీ ఆ గెంతులో కలిసే ఉంటాయి.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: అభిప్రాయం తప్పు కాదు, సగం దగ్గర ఆగిపోయింది. కాలేజీ మీద కోపం ఉన్న మేరకే దాన్ని ఆలోచించారు. దాని నుంచి ఒక మనిషికి సలహా ఏం వస్తుందో దాకా నడవలేదు. అబ్బాయి కూడా మీరు ఆపిన చోటే ఆగాడు.

రెండు నాలుకల సంగతి దీంతోనే తేలిపోతుంది. "అది ముద్రే. అందుకే సగంలో మానకు అంటున్నాను" అని చెబితే అందులో మాట మార్చడం ఏముంది? అలా చెప్పమని నేననడం లేదు, ఇంకా చాలా ఉంది. చెప్పినా మీ మాటకి మీరు కట్టుబడినట్టే అవుతుందని మాత్రం అంటున్నాను.

మిగతా అభిప్రాయాల్లో కొన్నింటికి నేను సంతకం పెడతాను. లెక్చర్ గురించి మీరన్నది నిజం. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, గణితం క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలని ఒకచోట పెట్టి చూసింది. ఉత్త లెక్చర్ వినే క్లాసుల్లో పిల్లలు ఫెయిలయ్యే అవకాశం, వాళ్ళచేత పని చేయించే క్లాసులతో పోలిస్తే ఒకటిన్నర రెట్లని తేలింది. "పరీక్ష తర్వాత సున్నా" అన్నదానికి దగ్గరగా వచ్చేది 2011లో రిచర్డ్ ఆరమ్, జోసిపా రోక్సా అమెరికాలో చూసింది. మొదటి రెండేళ్ళలో 45 శాతం మందికి ఆలోచన, రాత నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనపడలేదు. కానీ ఆ పరీక్షలో వచ్చే మార్కుల వల్ల పిల్లలకి ఒరిగేదేం లేదు, అలాంటి పరీక్ష ఎవరు మనసుపెట్టి రాస్తారని దానిమీద విమర్శ కూడా వచ్చింది. మీరైనా ఇన్విజిలేషన్‌లో చూస్తూనే ఉంటారుగా, లెక్కలోకి రాని టెస్ట్ పిల్లలు ఎలా రాస్తారో.

అటెండెన్స్ మీద మాత్రం మీతో పేచీ పెట్టుకుంటాను. ఇది నా పక్షాన ఎవరికీ నచ్చని అభిప్రాయం: కాలేజీ చేసే పనుల్లో నిజంగా ఉపయోగపడేది ఆ రిజిస్టరే. అమెరికాలోని ఎంఐటీ అనే పెద్ద యూనివర్సిటీ తన పాఠాలన్నీ ఉచితంగా నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించింది. 2012 నాటికి పెద్ద పెద్ద యూనివర్సిటీల కోర్సులు ఎవరైనా చేరేలా వచ్చేశాయి, ఇక కాలేజీలు మూతపడతాయన్నారు. లక్షల మంది చేరారు. చాలా కోర్సుల్లో పూర్తి చేసినవాళ్ళు పది శాతం కూడా లేరు. పాఠం ఏ లోటూ లేకుండా ఉంది. ఉదయం తొమ్మిదికి రమ్మనే వాడు, రాకపోతే అడిగేవాడు, పక్కన కూర్చుని "నాకూ అర్థం కాలేదురా" అనేవాడు లేరు. నేను నెట్‌లో నాలుగు కోర్సులు మొదలుపెట్టాను. ఎన్ని పూర్తి చేశానో అడక్కండి. మీ అబ్బాయి "అన్నీ నెట్‌లో ఉన్నాయి, నేర్చుకుంటా" అంటే, ఈ ఎనిమిది నెలల్లో అలా మొదలుపెట్టి పూర్తి చేసింది ఒక్కటి చూపించమనండి. ఉంటే, అది మీరు చాలా ఎక్కువగా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం.

ఇప్పుడు మీ వారి దగ్గరికి వద్దాం. ఆయన్ని మీరు ఉత్తరంలో కాస్త తేలిగ్గా తీసేశారు. "ఆయనకి డిగ్రీ అంటే దేవుడు" అని రాశారు. ఎందుకు దేవుడయ్యిందో చూడండి. 2002లో అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక మంచి పోలిక చేశారు. దాదాపు ఒకే స్థాయి పిల్లలు, ఒకే రకం కాలేజీలకి దరఖాస్తు చేసుకున్నవాళ్ళు, కొందరు పేరున్న కాలేజీలో చేరారు, కొందరు సీటు వచ్చినా మామూలు దాంట్లో చేరారు. తర్వాత సంపాదనలో వాళ్ళ మధ్య పెద్ద తేడా లేదు. మీలాంటి వాళ్ళు ఇక్కడిదాకా చదివి, చూశారా అంటారు. కానీ తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లల్లో తేడా కనపడింది. తర్వాత వాళ్ళే మళ్ళీ చూసినప్పుడు, తల్లిదండ్రులకి పెద్ద చదువులు లేని పిల్లల్లో కూడా కనపడింది. ఇంట్లో దొరకని పరిచయాలు, ఇంట్లో ఎవరూ చెప్పలేని దారులు వాళ్ళకి కాలేజీలోనే దొరుకుతాయి కాబట్టి అని నాకనిపిస్తుంది.

అంటే మీ వారి అనుభవం ఆయనకి నిజం. మీ అబ్బాయి పరిస్థితి వేరు. అతని ఇంట్లో లెక్చరర్ ఉంది, గ్రాడ్యుయేట్ ఉన్నాడు. కాలేజీ తండ్రికి ఇచ్చినంత కొడుక్కి ఇవ్వకపోవచ్చు. ఈ మాట మీరు మీ వారితో ఎలా అంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. "మీకు పనికొచ్చింది, వాడికి అక్కర్లేదు" అంటే ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు వినపడుతుంది ఆయనకి. డిగ్రీలున్న మనమే డిగ్రీ దండగ అంటుంటే, తెప్ప ఎక్కనివాళ్ళకి అది ఎలా తగులుతుందో మీరూ నేనూ కాస్త ఆలోచించుకోవాలి. ఆయన్ని వాదంలోకి దించకుండా ఒక ప్రశ్న అడిగి చూడండి: "కాలేజీలో మీకు దొరికినవాటిల్లో, పట్టా కాకుండా, ఏది లేకపోతే ఈ రోజు మీరిలా ఉండేవారు కాదు?" ఒక స్నేహితుడి పేరు రావచ్చు, ఒక మాస్టారి పేరు రావచ్చు. వచ్చినదాన్ని పట్టుకుని, అది అబ్బాయికి ఇప్పుడు ఎక్కడ దొరుకుతోందో ఇద్దరూ చూడండి. కాలేజీలోనా, స్టూడియోలోనా, అసలు ఎక్కడా దొరకడం లేదా?

ఫీజు లెక్క సంగతి ఒక్క మాటలో: కట్టేసింది కట్టేసిందే, అతను చదివినా మానినా తిరిగి రాదు. ఆ అంకె వల్ల బాధ పడొచ్చు గానీ నిర్ణయం తీసుకోకూడదు. ఇకముందు మిగిలిన అయిదు సెమిస్టర్ల ఫీజు, కాలం, వాటికి వచ్చేదేమిటి, ఇవే లెక్క.

ఇక దారులు. ఇది చెయ్యండని ఏదీ చెప్పను, అబ్బాయి గురించి నాకు తెలిసింది పది లైన్లే కాబట్టి.

చదువు పూర్తి చేస్తూ స్టూడియోకి వెళ్ళడం అన్నిటికంటే బోరు కొట్టే దారి. అందుకే ఇంట్లో ఎవరూ దాని గురించి గట్టిగా మాట్లాడి ఉండరు. అయిదు సెమిస్టర్లు, వారానికి రెండు రోజుల స్టూడియో. మార్కులు గొప్పగా రావు. రావాల్సిన పని లేదు కూడా, ముద్రకి మార్కుల దాహం తక్కువ. ఇందులో ప్రమాదం ఏమిటంటే, రెండూ అరకొరగా సాగి, ఇరవై రెండేళ్ళకి చేతిలో పట్టా ఉండి లోపల పగ మిగలడం. మీరు బలవంతం చేస్తే ఆ పగ మీ మీద. అతనే ఎంచుకుంటే అంత ఉండదు.

ఏడాది సెలవు పెట్టడం రెండోది. కాలేజీ మానేసి ఎదిగినవాళ్ళని చెప్పమంటే అందరికీ మొదట గుర్తొచ్చేది బిల్ గేట్స్. ఆయన కూడా 1975లో హార్వర్డ్ నుంచి మొదట సెలవు మీదే వెళ్ళాడు. వెనక తలుపు తెరిచే ఉంది, తండ్రి పేరున్న లాయరు, బడిలో ఉండగానే, 1968లోనే, కంప్యూటర్ మీద చెయ్యి పెట్టే అవకాశం దొరికింది. ధైర్యం కథ చెప్పేటప్పుడు ఆ తలుపు గురించి ఎవరూ చెప్పరు. మీ అబ్బాయికి అలాంటి తలుపు ఉందో లేదో అతని కాలేజీ నిబంధనల్లో చూడాలి. సెమిస్టర్ మధ్యలో ఆపి తిరిగి చేరొచ్చా, ఎన్నేళ్ళలోపు చేరాలి, ఈలోగా సిలబస్ మారితే అదనంగా ఎన్ని పేపర్లు రాయాలి, ఆ రెండు బ్యాక్‌లాగులకి గడువుందా? ఇవన్నీ నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోండి. ఆఫీసులో ఏ కాగితం ఎవరి బల్ల మీద ఉంటుందో పదిహేడేళ్ళ సర్వీసున్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ దారిలో నష్టం: ఏడాది తర్వాత తిరిగి వెళ్తే బ్యాచ్ మారిపోతుంది, తమ్ముళ్ళ పక్కన కూర్చోవాలి, చాలామంది అక్కడే మనసు విరిచేసుకుంటారు. లాభం: స్టూడియో అసలు రూపం ఏడాదిలో కనపడుతుంది. శని, ఆదివారాలు కనపడే పని వేరు, సోమవారం కనపడే పని వేరు.

కోర్సు మార్చుకోవడం, దూరవిద్యలోకి వెళ్ళడం మూడోది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో పుట్టిందే పని చేసుకుంటూ చదివేవాళ్ళ కోసం, తర్వాత ఎన్నో దేశాల్లో అలాంటివి వచ్చాయి. అయితే పైన చెప్పిన రిజిస్టర్ గోల ఇక్కడ గట్టిగా వర్తిస్తుంది. అడిగేవాడు లేకపోయినా చదివే రకమా కాదా అన్నది మీకు ఈపాటికి తెలిసే ఉండాలి.

పూర్తిగా మానేసి స్టూడియోలో చేరడం నాలుగోది. దీన్ని నేను కొట్టిపారెయ్యను. సౌండ్ పని చాలావరకు పక్కన నిలబడి నేర్చుకునే విద్యే. కాకపోతే "కాలేజీ కంటే పని నేర్చుకోవడం మేలు" అనే మాట ఎక్కడ నిజమవుతుందో చూడండి. జర్మనీలో పిల్లలు కంపెనీలో పని నేర్చుకుంటారంటే, దాని వెనక రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. వారంలో కొన్ని రోజులు పని, కొన్ని రోజులు వృత్తి పాఠశాల, రెండు నుంచి మూడున్నరేళ్ళు, చివర పరీక్ష, పరీక్ష పాసైతే ఎక్కడికెళ్ళినా చెల్లే పత్రం. తమాషా ఏమిటంటే, చివరికి అక్కడా ముద్ర ఉంది. మీ అబ్బాయి స్టూడియోలో ఇవేవీ ఉండకపోవచ్చు. "రోజూ వచ్చెయ్" అన్నది ఉద్యోగమా, శిక్షణా, సాయానికి పిలుపా? జీతమెంత, ఎన్ని గంటలు, ఎవరు నేర్పుతారు, ఆర్నెల్లకి ఏ పని ఒంటరిగా చెయ్యనిస్తారు, చేసిన రికార్డింగుల్లో పేరు వేస్తారా? పట్టా లేనివాడికి పేరే పట్టా. అది వెయ్యనంటే మిగతాదంతా కేబుళ్ళు చుట్టడమే. ఆ స్టూడియో రేపు మూతపడితే ఇంకో స్టూడియోలో ఇతను ఏం చూపిస్తాడన్నది అడగాల్సిన అసలు ప్రశ్న. అది యజమానిని మీరు అడగొద్దు. మీ అబ్బాయినే అడగమనండి. అడగడానికి మొహమాటపడితే, అది కూడా ఒక జవాబే.

మీ చివరి ప్రశ్న, వేరే రంగు పెన్నుతో రాసింది. ఉద్యోగం మానడం గురించి తొందరపడకండి. ఇంట్లో ఒకరు మానతానంటే గొడవగా ఉంది, ఇద్దరైతే మీ వారు తట్టుకోలేరు. హాస్యానికన్నాను గానీ, మీ అభిప్రాయాల్లో ఒకదానికి మందు మీ చేతిలోనే ఉంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసరు, 1990 ప్రాంతంలో తన పిల్లలకి బలాల మీద మాటల్లో అడిగే తేలిక ప్రశ్నలిచ్చాడు. పెద్ద పెద్ద లెక్కలు చేసే పిల్లలు అక్కడ తడబడ్డారు. ఆయన లెక్చర్ తగ్గించేశాడు. ఒక ప్రశ్న వేస్తాడు, అందరూ జవాబు ఎంచుకుంటారు, పక్కవాడితో వాదిస్తారు, మళ్ళీ ఎంచుకుంటారు. దీనికి ప్రిన్సిపాల్ అనుమతి అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, వారంలో ఒక్క గంట చాలు. స్టాఫ్ మీటింగులో ఎవరూ వినని మాట మీ క్లాసులో మీరే చేసి చూపించొచ్చు. అప్పటికీ నమ్మకం కలగకపోతే ఉద్యోగం గురించి అప్పుడు రాయండి.

కొంచెం కటువుగా ఒకటి చెప్పాలి. స్టాఫ్ రూమ్‌లో వినేవాళ్ళు లేక మీరు ఇంటిని స్టాఫ్ రూమ్ చేసుకున్నారు. సాటి లెక్చరర్‌కి "కాలేజీ ముద్రే" అంటే వ్యవస్థ మీద మాట అవుతుంది. అదే మాట పన్నెండేళ్ళ పిల్లాడికి అమ్మ నోట వస్తే తన మీద మాట అవుతుంది. నువ్వు చెయ్యబోయేది దండగ అని వినపడుతుంది. తప్పు చేశారని అనను, నోరు నొక్కితే మాట ఎక్కడో ఒకచోట బయటికి వస్తుంది. కానీ మీ అబ్బాయికి మీరు బాకీ ఉన్నది అనుమతీ కాదు, అడ్డంకీ కాదు, మిగతా సగం వాదం. "నేనన్నది కాలేజీల గురించి. నీ గురించి నేనింకా ఏమీ అనలేదు, నువ్వేం చేస్తున్నావో నాకు తెలియదు కాబట్టి" అని చెప్పగలరా? అది ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ మా వాళ్ళకి చాలా ఆలస్యంగా చెప్పాను.

తెలుసుకోవడానికి సులువైన చోటు ఒకటుంది. అతని బ్యాక్‌లాగ్ ఫిజిక్స్. అతను చేసే పని ధ్వని. మీకు వాలెస్ సబైన్ తెలిసే ఉంటాడు, 1895లో హార్వర్డ్ ఫాగ్ మ్యూజియంలో కొత్త లెక్చర్ హాలు కట్టి చూసుకుంటే, అందులో చెప్పే పాఠం ఎవరికీ వినపడలేదు. ఒక్క మాట పలికితే అయిదున్నర సెకన్లు గదిలో తిరిగేది. బాగుచెయ్యమని అక్కడే ఫిజిక్స్ చెబుతున్న ఇరవై ఏడేళ్ళ సబైన్‌కి అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు పక్కనున్న థియేటర్ నుంచి సీట్ల మీది మెత్తలు మోయించుకొచ్చి, హాల్లో పరిచి, ఒక్కో వరసకీ ధ్వని ఎంతసేపు నిలుస్తోందో కొలిచి, తెల్లారేలోపు మళ్ళీ అక్కడ పెట్టించేవాడు. అలా దొరికిన సూత్రంతోనే 1900లో తెరుచుకున్న బోస్టన్ సింఫనీ హాలుకి లెక్క కట్టాడు. పీహెచ్‌డీ ఎప్పుడూ చెయ్యలేదు. మీ పక్షం వాళ్ళకి ఆ ముక్క నచ్చుతుంది. ఆ హాలు, ఆ మెత్తలు, ఆ రాత్రులు ఇచ్చింది మాత్రం యూనివర్సిటీయే. ఆ ముక్క మీ వారికి నచ్చుతుంది.

ఈ కథ మీ అబ్బాయికి చెప్పకండి, మళ్ళీ లెక్చర్ అవుతుంది. ఒక శనివారం అతను రమ్మంటే స్టూడియోకి వెళ్ళి ఓ గంట మూల కూర్చోండి. గోడలకి ఆ మెత్తలు ఎందుకు కొట్టారో, ఆ మూల మైకు ఎందుకు పెట్టరో అతన్నే చెప్పనివ్వండి. తప్పుగా చెప్పినా దిద్దకండి. ఎంతవరకు తెలుసు, ఎక్కడ ఆగిపోతున్నాడు, ఆగిన చోట "తెలియదు" అంటున్నాడా, కబుర్లు చెబుతున్నాడా చూడండి. ఫిజిక్స్ లెక్చరర్‌కి గంట చాలు ఆ తేడా పట్టడానికి. మీ వారిని కూడా తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిది, కానీ మొదటిసారి మీరొక్కరే వెళ్ళండి.

తర్వాత మళ్ళీ రాయండి. ఈసారి మీ అబ్బాయి గురించి నాలుగు పేజీలు, ఉన్నత విద్య గురించి పది లైన్లు.